గుర్రం వెల, గుర్రం మేత

మస్కట్ నుంచి తీరం వెంబడి సూర్‌కు వెళ్ళే మన కుటుంబాలు వాదీ షాబ్ దగ్గర ఆగుతాయి, సూర్‌లో చెక్క ఓడలు కట్టే చోటు చూస్తాయి, చీకటి పడేలోగా ఇల్లు చేరతాయి. సూర్‌కు కొంచెం ఇవతల ఉన్న కల్హాత్ దగ్గర ఆగేవారు తక్కువ. అక్కడ నిలిచి ఉన్నది బీబీ మర్యమ్ సమాధి మందిరం ఒక్కటే. మిగతాదంతా రాళ్ళ కుప్పలు. 2018లో యునెస్కో ఆ శిథిల నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ పాడుపడిన ఊరితో మన దక్షిణ దేశానికి కొన్ని వందల ఏళ్ళ లావాదేవీ ఉంది. అది గుర్రాల బేరం.

మన గడ్డమీద యుద్ధానికి పనికివచ్చే మేలుజాతి గుర్రాలు తగినన్ని పుట్టవు. అశ్వబలం లేనిదే రాజ్యం నిలవదు. కాబట్టి మన రాజులు గుర్రాలను సముద్రం దాటించి తెప్పించుకోవలసి వచ్చింది. కల్హాత్ హొర్ముజ్ రాజుల ఏలుబడిలోని రేవు. ఇక్కడినుంచి హిందూదేశానికి లెక్కకు అందనన్ని గుర్రాలు పోతున్నాయని 13వ శతాబ్దం చివర మార్కో పోలో రాశాడు. మోటుపల్లి గురించీ, ఆ దేశాన్ని ఏలిన రాణి గురించీ రాసినవాడూ ఆయనే. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు. గుర్రాలు ముఖ్యంగా దిగినది పాండ్యుల కాయల్ రేవులోనూ, పడమటి తీరాన హొన్నావర, భట్కల్ వంటి రేవుల్లోనూ. అక్కడినుంచి లోపలి రాజ్యాలకు నడిపించేవారు. పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ 1442లో కల్హాత్‌లో ఓడ ఎక్కి పద్దెనిమిది రోజుల్లో కాలికట్‌లో దిగాడు. మరుసటి ఏడు విజయనగరం చేరి ప్రౌఢ దేవరాయల కొలువు చూశాడు. గుర్రాలు నడిచిన దారీ ఇంచుమించు అదే.

ఇక వెల సంగతి. 14వ శతాబ్దం మొదట్లో రాసిన పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ లెక్క ప్రకారం హొర్ముజ్, కల్హాత్, బహ్రెయిన్ వంటి రేవులనుంచి పాండ్య దేశానికీ మరికొన్ని రేవులకూ కలిపి ఏటా పదివేల గుర్రాలు. గుర్రం ఒక్కింటికి 220 ఎర్ర బంగారు దీనారాలు. దారిలో గుర్రం చచ్చినా దాని వెల రాజుగారి ఖజానానుంచే ఇవ్వాలని ఒడంబడిక. సాళువ నరసింహరాయల సంగతి రాస్తూ న్యూనిజ్ ఇంకో అడుగు ముందుకు వెళ్ళాడు. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలట, బతికున్న గుర్రానికి ఇచ్చినంతా రాయలు ఇచ్చేవాడట. అంకెల్లో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ రెండు వందల ఏళ్ళ ఎడంలో, వేరు వేరు దేశాలవాళ్ళు ఇద్దరు ఒకే పద్ధతి చెప్పారంటే దాన్ని కొట్టివేయలేం.

దిగిన గుర్రాలైనా బతికాయా? పాండ్యరాజు ఏటా రెండువేలకు పైగా కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవనీ మార్కో పోలో రాశాడు. మాంసం కలిపి వండిన అన్నం పెట్టేవారట. వస్సాఫ్ చెప్పిన మేత వేయించిన బార్లీ, నెయ్యి కలిపిన ధాన్యం, కాచిన ఆవుపాలు. నలభై రోజులు కొట్టంలో కట్టివేసి బాగా కొవ్వెక్కించి, ఆ మీదట ఒక్కసారిగా స్వారీకి తీసేవారట.

నేను మనుషుల వైద్యుణ్ణే గాని, ఈ జబ్బు తెలుసుకోవడానికి పశువైద్యం చదవనక్కరలేదు. గుర్రం గడ్డితినే జంతువు. దాని పెద్దపేగులో గడ్డి నెమ్మదిగా పులిసి శక్తినిస్తుంది. గింజలు అతిగా పెడితే జీర్ణం కాని పిండిపదార్థం అక్కడికి చేరి ఆమ్లం పుట్టిస్తుంది. కడుపునొప్పితో గుర్రం పొర్లుతుంది, గిట్టల లోపల వాచి నిలబడలేకపోతుంది. పైగా ఉక్క, కదలిక లేకపోవడం. ప్రేమకొద్దీ పెట్టిన రాజభోగమే దాన్ని చంపింది. మనకు అశ్వశాస్త్రం లేకపోలేదు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని తెలుగులోనే రాశాడు. అయితే సుడులూ రంగులూ చూసి మంచి గుర్రాన్ని ఎంచుకోవడం వేరు, ఎంచుకున్నదాన్ని ఉడుకు దేశంలో బతికించడం వేరు.

ఇందులో అసలు కిటుకు మార్కో పోలో ఒక్క మాటలో చెప్పాడు. గుర్రాలు తెచ్చే వర్తకులు తమ వెంట గుర్రపు వైద్యుణ్ణి అక్కడికి పోనిచ్చేవారు కాదట. ఎందుకు పోనిస్తారు? గుర్రం బతికితే వచ్చే ఏడు బేరం తగ్గుతుంది. దారిలో చచ్చినా సొమ్ము ముడుతుంది. జంతువును అమ్మారు గాని దాన్ని సాకే తెలివిని అమ్మలేదు. కొన్నవాడికి బంగారం ఉంది గాని అడిగి నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

కల్హాత్ అదృష్టం ఎంతోకాలం నిలవలేదు. 1508లో అల్బుకెర్క్ ఆ ఊరిని తగలబెట్టాడు. 1510లో గోవా, 1515లో హొర్ముజ్ పోర్చుగీసుల చేతిలో పడ్డాయి. గుర్రాల బేరం గోవా గుప్పిట్లోకి పోయింది. దూరద్వీపాలనుంచి ఏనుగులనూ గుర్రాలనూ తెచ్చే వర్తకులను ఆదరించి, అవి శత్రువుల చేతికి పోకుండా చూసుకోవాలని ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు రాజనీతి చెప్పినది ఈ కాలంలోనే. గోవాకు వచ్చే గుర్రాలన్నీ తమకే దక్కాలని విజయనగరం వారు 1547లో పోర్చుగీసులతో సంధి కూడా చేసుకున్నారు. 1565లో ఆ నగరమే పోయింది.

మరి ఒమాన్‌లో గుర్రం ఏమైంది? 20వ శతాబ్దం తొలి రోజుల్లో ఇబ్రా, బిదియ్యా వంటి షర్ఖియ్యా ఊళ్ళ వర్తకం వేరు. ఖర్జూరం, ఎండబెట్టిన నిమ్మకాయలు ఒంటెల మీద రేవుకు దిగేవి. బొంబాయినుంచి బియ్యం, బట్ట పైకి వచ్చేవి. రేవులో ఆ బేరం చాలావరకు మన గుజరాతీ వర్తకుల చేతిలో ఉండేది. బరువు మోయడానికి ఒంటె, గాడిద ఉండగా గుర్రంతో పనిలేదు. షేకుల ఇళ్ళలో, నాలుగు డబ్బులున్న ఇళ్ళలో మాత్రమే అది మిగిలింది.

అటువంటి ఊళ్ళో గుర్రాన్ని ఉంచుకోవడమంటే మాటలా? దానికి ‘ఖత్’ అనే పచ్చగడ్డి కావాలి. ఖత్ ఖర్జూర చెట్ల నీడన పండుతుంది. దానికి నీళ్ళు ఫలజ్ కాలువనుంచి రావాలి. ఫలజ్ నీటికి ఇన్ని గడియలని వంతులుంటాయి. వంతు లేనివాడు కొనుక్కోవాలి. అంటే ప్రతి గుర్రం వెనుకా కొంత నీరు, కొంత నేల, ఇంటిల్లిపాది శ్రద్ధ ఉన్నాయన్నమాట. గుర్రం చస్తే తోక చూసి డబ్బిచ్చే రాజు ఇక్కడ లేడు.

ఆ గుర్రాలు బయటికి వచ్చేది పండగలకూ పెళ్ళిళ్ళకూ. దానినే ‘అర్దా’ అంటారు. 2018లో గుర్రాల, ఒంటెల అర్దాను కూడా యునెస్కో తన పట్టికలో చేర్చింది. గుర్రప్పందెం అనగానే మనకు 1886నాటి మలక్‌పేట మైదానమూ, టిక్కెట్లూ, ఆరిపోయిన సంసారాలూ గుర్తుకొస్తాయి. అర్దా తీరు వేరు. ఒకేసారి రెండు గుర్రాలు జోడుగా పరుగెత్తుతాయి. ఆ వేగంలో రౌతులిద్దరూ చేతులు పట్టుకుంటారు. జీను మీద లేచి నిలబడే మొనగాళ్ళూ ఉన్నారు. రెండో గుర్రాన్ని వెనక్కి నెడితే చేయి జారిపోతుంది. జోడు చెదరకుండా కడదాకా పోవడంలోనే మెప్పు. గుర్రాన్ని చెప్పగానే పడుకోబెట్టడం మరో విద్య. మేత పెట్టిన చేతిని నమ్మితేనే గుర్రం ఆ మాట వింటుంది. వెల పెట్టి కొన్నంత మాత్రాన వినదు.

మార్కో పోలో చెప్పిన గుర్రాలూ, పల్లెలో అర్దాకు దిగిన గుర్రాలూ అరబ్బు గుర్రాలే. ఎండా ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఎవరు మేపారు, ఎందుకు మేపారు అన్నదానిలోనే ఉంది.

1970 తర్వాత ఈ సముద్రం మీద ప్రయాణం దిక్కు మారింది. అప్పుడు ఇక్కడినుంచి గుర్రాలు పోయాయి, ఇప్పుడు అక్కడినుంచి మనం వచ్చాం. వెల ముందుగానే మాట్లాడుకుని వచ్చాం. మనలో డాక్టర్లకూ ఇంజనీర్లకూ మేత ఎలా పెట్టాలో తెలిసినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. కరీంనగర్ నుంచో కడప నుంచో వచ్చి ఎండలో ఇటుక మోసే తమ్ముడికి ఎవరున్నారు? నీళ్ళు చాలక మూత్రపిండాల్లో రాళ్ళు కట్టి, నొప్పికి మెలికలు తిరుగుతూ ఆసుపత్రికి వచ్చేది అతడే. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి చట్టం. ఆ సంగతి అతడికి తెలుగులో చెప్పేవారు కావాలి. ఎన్ని నీళ్ళు తాగాలో, ఏ నొప్పికి ఆలస్యం చేయకూడదో చెప్పేవారు కావాలి.

పోయినవాడికి పరిహారం ఇప్పించడానికి పరుగెత్తడం మంచి పనే. అయితే అది తోకకు వెల కట్టడం వంటిది. మన సంఘం వారు నెలకొక శుక్రవారం కార్మికుల బసకు వెళ్ళి రెండు గంటలు కూర్చుంటే, ఆనాటి వర్తకులు పోనివ్వని వైద్యుణ్ణి మనం పంపినవాళ్ళమవుతాం.