విప్పిన బండి ఎవరు కొంటారు?

పాత కారు ఒకటి చవగ్గా వస్తోందని కొనుక్కొచ్చి, షెడ్డులో పెట్టి, నట్టూ బోల్టూ సహా విప్పేసి, వచ్చే ఆదివారం బిగిద్దామనుకునే మగవాళ్లు ప్రపంచమంతటా వున్నారు. ఇది ఒక దేశానికో ఒక భాషకో పరిమితమైన జబ్బు కాదు సుమండీ. విప్పటానికి ఒక పూట చాలు. బిగించటానికి ఒక జీవితం చాలదు. విప్పిన మరలన్నీ బిస్కెట్ల డబ్బాల్లోకీ డాల్డా డబ్బాల్లోకీ వెళతాయి. వాటిమీద అంటించిన చీటీలు మొదటి వర్షాకాలానికే వూడిపోతాయి. ఆ తర్వాత ఏ మర ఎక్కడిదో దేవుడికే తెలియాలి. అందులోనూ వెనకటి స్పోర్ట్స్ కార్లయితే మరీ కష్టం. పైన రేకు, లోపల కర్ర చట్రం. కర్ర పుచ్చితే వడ్రంగి కావాలి, రేకు వంగితే కంసాలిలాంటి చెయ్యి కావాలి, సీట్లకి తోలుపని, మెరుపులకి పూత. ఒక్క కారులో నాలుగు వృత్తులు.

ఇంతకీ అసలు చిక్కు అమ్మబోయినప్పుడు వస్తుంది. "ఇందులో అన్నీ వున్నాయండీ, బిగించుకోవటమే తరువాయి" అంటాడు అమ్మేవాడు. అన్నీ వుంటే నువ్వే బిగించుకోకపోయావా అని కొనేవాడు మనసులో అనుకుంటాడు. ఒక టైలరు కత్తిరించిన గుడ్డ ఇంకో టైలరు ముట్టుకోడు చూడండి, అదే సంగతి. తుప్పు పట్టినా సరే, ఎవరూ వేలు పెట్టని బండికి ఒక ధర వుంది. పూర్తిగా తయారైన బండికి ఒక ధర వుంది. ఈ మధ్యలో ఆగిపోయినదానికి మాత్రం, పెట్టిన ఖర్చులో సగం వస్తే పండగే.

మా పెద్దబావగారి దగ్గర ఒక స్టాండర్డ్ హెరాల్డ్ వుండేది. మద్రాసులో తయారైన రెండు తలుపుల బండి. దాని బానెట్ మొత్తం ముందుకి లేస్తుంది, మొసలి నోరు తెరిచినట్టు. ఇంజను దింపి, గోడవారగా పెట్టి, పైన గోనెపట్టా కప్పారు. పదకొండేళ్లపాటు ఆ బానెట్ మీద మా అక్కయ్య వడియాలు ఆరబెట్టింది. చివరికి అమ్ముడుపోయిన రోజున, "ఎండ తగిలే చోటు పోయిందే" అని ఆవిడ బాధ! అయితే మా బావగారిది ఒక్క కారు. నేను చెప్పబోయే అన్నదమ్ములవి నాలుగు వందల పైచిలుకు. వాళ్ల షెడ్డు విప్పిన రోజున ఒక దేశం దేశమే తగువులో పడింది.

ఫ్రాన్సుకి తూర్పు అంచున, స్విట్జర్లాండుకీ జర్మనీకీ ఆనుకుని, ఆల్సాస్ అనే ప్రాంతం వుంది. అక్కడ ములూజ్ అనే మిల్లుల పట్నం. హాన్స్ ష్లుంఫ్ 1904లో, ఫ్రిట్జ్ ష్లుంఫ్ 1906లో పుట్టారు. తండ్రి స్విట్జర్లాండు వాడు, తల్లి జాన్ ములూజ్ ఆడపడుచు. పుట్టింది ఇటలీలోనైనా పెరిగింది అమ్మగారి వూళ్లోనే. ఉన్ని వ్యాపారంతో మొదలుపెట్టి, మాల్‌మెర్‌స్పాక్ అనే కొండలోయ గ్రామంలోని నూలు మిల్లుతో సహా, ఒక్కొక్కటే మిల్లులు చేతికి తెచ్చుకున్నారు. అన్న లెక్కల మనిషి. తమ్ముడికి కార్ల పిచ్చి. అన్ని కార్లూ కాదు, ముఖ్యంగా బుగాట్టి.

బుగాట్టి అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాలి. ఎత్తోరే బుగాట్టి మిలాన్‌లో పుట్టినవాడు. కళాకారుల కుటుంబం. ఇదే ఆల్సాస్‌లో, మోల్సెమ్ అనే చిన్న వూళ్లో 1909లో కార్ల కార్ఖానా పెట్టాడు. గుర్రపు నాడా ఆకారంలో ముందు జల్లెడ వుండటం ఆయన బండ్ల గుర్తు. 1924లో వచ్చిన టైప్ 35 పందెపు కారుని చూస్తే నాలాంటి యంత్రజ్ఞానం లేనిదానికి కూడా ముద్దొస్తుంది. అదే ఆయన రాజుల కోసమని రాయల్ అనే మహా బండి తలపెట్టి, మొత్తం ఆరంటే ఆరు చెయ్యగలిగాడు. రాజులెవరూ కొనలేదు. ఆయన 1947లో పోయాడు, ఆ తర్వాత కొన్నేళ్లకే కార్ఖానా చతికిలబడింది.

అరవైల మొదట్లో పాత బుగాట్టిలకి పెద్ద గిరాకీ లేదు. ఫ్రిట్జ్‌గారు వాటి యజమానుల చిరునామాలు సంపాదించి, వరసపెట్టి వుత్తరాలు రాశాడు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, హాఫ్‌మన్ అనే పల్లెటూళ్లో జాన్ షేక్స్పియర్ అనే ఆయన దగ్గర ముప్ఫై బుగాట్టిలు వున్నాయని తెలిసింది. పేరు చూసి కంగారుపడకండి, నాటకాలాయన కాదు. బండ్లు చూసి రమ్మని పంపిన మనిషి రాసిన సమాచారం ఏమంటే, కొన్ని మట్టినేల మీద, అద్దాలు పగిలిన కొట్టంలో, పిట్టలు గూళ్లు పెట్టిన స్థితిలో వున్నాయని. బేరాలు సాగి సాగి, 1964లో ముప్ఫై బండ్లూ కలిపి 85,000 డాలర్లకి తెగింది. అప్పటి మారకంలో మన డబ్బు నాలుగు లక్షల చిల్లర. రైలుపెట్టెల మీద వరసగా నిలబెట్టి, ఓడరేవుకి చేర్చి, సముద్రం దాటించారు. వాటిలో ఆ ఆరు రాయల్స్‌లో ఒకటి కూడా వుంది! గూళ్లు పెట్టిన పిట్టలకి తెలియదు కదా పాపం, తామెంత ఖరీదైన ఇంట్లో కాపురం చేశామో.

అక్కణ్ణించి అన్నదమ్ములు ములూజ్‌లోని ఒక పాత నూలు మిల్లులో గుట్టుగా పని మొదలుపెట్టారు. మెకానిక్కులు, వడ్రంగులు, తోలుపనివాళ్లు, రంగులవాళ్లు. వచ్చిన బండిని వచ్చినట్టు విప్పటం, బిగించటం, మెరిపించటం. లోపల వందలకొద్దీ దీపస్తంభాలు, పారిస్‌లో మూడో అలెగ్జాండరు వంతెన మీది దీపాలకి నకలు. ఎర్రని దారులు. తినటానికి భోజనశాలలు. ఈ వైభవమంతా తల్లి జాన్ పేరిట అంకితం. అమ్మ మీద అంత భక్తి వున్నవాళ్లని ఏమైనా అనబోతే నోరు రాదు. కానీ ఆ తలుపులు పనివాళ్లకి తెరవలేదు, వూరివాళ్లకీ తెరవలేదు. పనిచేసేవాళ్లు బయట చెప్పకూడదు. ఇవాళ తెరుస్తాం రేపు తెరుస్తాం అంటూ ఏళ్లు గడిచిపోయాయి. పదమూడో బండి అయితే పద్నాలుగోది మొదలు. పూర్తయిందనే మాట ఆ మనిషి నోట రాదు.

మిల్లుల్లో మాట వేరు. జీతాలు తక్కువ, అజమాయిషీ ఎక్కువ. డెబ్భైల నాటికి యూరప్‌లో ఉన్ని నూలుకి కాలం చెల్లుతోంది. కృత్రిమ నూలు వచ్చింది, చవక దేశాల సరుకు వచ్చింది. మిల్లులు నష్టాల్లో పడ్డాయి. 1976లో పనివాళ్లని తీసెయ్యటం మొదలవగానే సమ్మెలు. కోపంతో వున్న జనం యజమానుల బంగళాని చుట్టుముట్టారు. పోలీసుల కాపుదలలో అన్నదమ్ములిద్దరూ సరిహద్దు దాటి స్విట్జర్లాండులోని బాజెల్ చేరారు. ములూజ్‌కి కూతవేటు దూరమే అనుకోండి. ఆ కూతవేటు దూరాన్నే మిగిలిన జీవితమంతా గడిపారు.

రెండు వేలమంది దాకా జీతాలు పోయాయి. మిల్లు మూతబడిన వూళ్లు చూసినవాళ్లకి ఆ మాటకి అర్థం నేను విడమర్చక్కర్లేదు. పాలవాడి ఖాతా, పిల్లల బూట్లు, ఇంటద్దె. 1977 మార్చి 7న యూనియన్ వాళ్లు ఆ రహస్యపు మిల్లు తలుపులు తోసుకుని లోపలికి వెళ్లారు. దీపాలు వేశారు. ఒక్కసారి వూహించుకోండి! నెల జీతం కోసం వచ్చినవాళ్ల కళ్ల ముందు, వరసలు వరసలుగా, నిగనిగలాడుతూ వందల కార్లు. తాము వడికిన నూలంతా ఇక్కడ ఇలా రేకై, తోలై, వెండిపూతై నిలబడి వుంది. మిల్లు సొమ్ముతోనే ఇవి వచ్చాయని వాళ్ల వాదన.

కోపం కొద్దీ, ఇంకా మరమ్మతు కాని ఒక చిన్న ఆస్టిన్ బండిని తగలబెట్టారు. అది తప్పే. అయితే ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ భవనానికి కార్మికుల మ్యూజియం అని పేరు పెట్టి, మిగతా బండ్లకి కాపలా కాస్తూ, జనాన్ని లోపలికి రానిచ్చి, చూపించారు. రెండేళ్లపాటు, లక్షలాది మందికి. యజమాని ఏళ్ల తరబడి తెరవని తలుపు, జీతం లేని పనివాళ్లు తెరిచారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకే వద్దాం. ఎవరు కొంటారు? ఎంతకి? మిల్లుల అప్పులు తీరాలంటే బండ్లు అమ్మాలి. విడివిడిగా వేలం వేస్తే అమెరికావాళ్లు, జపాన్‌వాళ్లు ఎగబడి కొనేవారు. కానీ 1978లో ఫ్రెంచి ప్రభుత్వం ఆ సంగ్రహం మొత్తాన్నీ చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. కార్లు కట్టడాలేమిటి అనకండి, వాళ్ల చట్టంలో అలాగే వుంది. దాంతో దేశం దాటించటానికి లేదు, చెదరగొట్టటానికి లేదు. అలా కట్టేసిన సొత్తుకి కొనుగోలుదారులెవరుంటారు? చివరికి 1981లో ములూజ్ నగరం, జిల్లా, ప్రాంతీయ మండలి వగైరాలు కలిసి ఏర్పరచిన సంఘం 4 కోట్ల 40 లక్షల ఫ్రాంకులకి మొత్తం తీసుకుంది. 1982 జులైలో జాతీయ మ్యూజియంగా తెరిచారు.

ఆ ధర సంగతి తేల్చటానికి నేను ఆర్థికవేత్తని కానక్కర్లేదు. 1987 నవంబరులో లండన్‌లో ఒకే ఒక్క బుగాట్టి రాయల్ వేలానికి వచ్చింది. 55 లక్షల పౌండ్లకి పోయింది. ఫ్రాంకుల్లో లెక్కవేస్తే దాదాపు అయిదున్నర కోట్లు. ములూజ్ మ్యూజియంలో రాయల్స్ రెండున్నాయి, వంద పైచిలుకు ఇతర బుగాట్టిలున్నాయి, మిగతా కంపెనీల బండ్లు వందలున్నాయి. అన్నీ కలిపి ఆ ఒక్కదాని ధరకంటే తక్కువకి పోయాయన్నమాట! మధ్యలో ధరలు విపరీతంగా పెరిగాయి నిజమే. అయినా సంపద దేశంలో వుండిపోయిందని దేశం సంతోషించింది, వూరికి యాత్రికులు వచ్చారని వూరు సంతోషించింది. మిల్లు మాత్రం తెరుచుకోలేదు. నూలు వడికిన చేతులకి ఆ లెక్కలో ఏ పాటి దక్కిందని అడిగితే, సంతోషించినవాళ్లు కొంచెం మొహం తిప్పుకోవలసి వస్తుంది.

హాన్స్ 1989లో, ఫ్రిట్జ్ 1992లో పోయారు. కథ అయిపోలేదు. మాల్‌మెర్‌స్పాక్‌లో ఇంకా విప్పని, బిగించని బండ్లు వున్నాయి. ముందుముందు బాగుచేద్దామని ఫ్రిట్జ్ దాచిన కట్ట అది. అవి తమ సొంతమని ఆయన భార్య ఆర్లెట్ కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగింది. భర్తగారి పిచ్చికి వకాల్తా పుచ్చుకోవటం ఆడవాళ్లకి కొత్తా? చివరికి 62 బండ్లు ఆవిడవేనని తీర్పు వచ్చింది. అప్పటికి వాటి తోలు పగిలి, రంగు పెచ్చులూడి, టైర్లు నేలకి అతుక్కుపోయాయి. 2008లో అవి చేతులు మారాయి. ఆవిడ కూడా ఆ ఏడే పోయింది. వాటిలో పెద్ద భాగం, బుగాట్టిలతో సహా, కాలిఫోర్నియాలో పీటర్ మలిన్ అనే సంపన్నుడి దగ్గరికి వెళ్లింది.

ఆయన చేసిన చిత్రం చూడండి. ఒక్కదాన్నీ బాగుచెయ్యలేదు. దుమ్ముతో, తుప్పుతో, ఎలా వచ్చినవాటిని అలాగే ఆక్స్‌నార్డ్ అనే వూళ్లోని తన మ్యూజియంలో నిలబెట్టాడు. ఫ్రిట్జ్ చూస్తే గుండె పగిలేవాడు! కానీ కాలం మారింది. కొత్త రంగు ఎప్పుడైనా వెయ్యచ్చు, మొదటి రంగు మళ్లీ రాదు. అమ్మమ్మ పట్టుచీర జరీ నల్లబడిందని మెరుగు పెట్టించి, అసలు వెండి పోగొట్టుకున్నవాళ్లకి ఈ మాట వెంటనే తెలుస్తుంది. ఈ మలిన్‌గారే 2010లో పారిస్ వేలంలో ఇంకొక వింత కొన్నారు. ఇటలీ, స్విట్జర్లాండుల మధ్య మజ్జోరే సరస్సు అడుగున దశాబ్దాలపాటు పడివున్న 1925 నాటి చిన్న బుగాట్టి. స్విట్జర్లాండులోని లొకార్నోలో 2008 కార్నివాల్ రోజుల్లో ఒక కుర్రవాణ్ణి కొందరు కొట్టి చంపారు. అతని పేరిట యువకుల్లో హింసకి వ్యతిరేకంగా పనిచేసే సంస్థకి డబ్బు కావాలని, అక్కడి ఈతగాళ్ల క్లబ్బు వాళ్లు 2009లో ఆ బండిని పైకి తీశారు. ఒక వైపు దాదాపు కరిగిపోయిన ఆ ఇనుపముద్దకి 2,60,500 యూరోలు వచ్చాయి.

మలిన్ 2023 సెప్టెంబరులో పోయారు. మరుసటేడు ఫిబ్రవరిలో ఆయన మ్యూజియం మూతబడింది. ఏప్రిల్‌లో అక్కడి బండ్లు చాలా వేలానికి వచ్చాయి. మాల్‌మెర్‌స్పాక్ నుంచి వెళ్లినవి కూడా కొన్ని వున్నాయందులో, ఆ దుమ్ముతోనే. ములూజ్‌లో మాత్రం మ్యూజియం ఇప్పటికీ నడుస్తోంది. టిక్కెట్టు కొనుక్కుంటే ఎవరైనా వెళ్లి ఆ దీపస్తంభాల కింద తిరిగి రావచ్చు.