సంతకం ఎవరిది?

రాజమండ్రిలో బస్సెక్కి గోకవరం దాటామంటే కిటికీలోంచి వచ్చే గాలే మారిపోతుంది. చేలు వెనక్కి పోతాయి, కొండలు దగ్గరికొస్తాయి. మా నాన్నగారు ఆ కొండల్లో బడిపంతులుగా పనిచేశారు. అంచేత నా చిన్నతనం సగం రంపచోడవరం చుట్టుపక్కలే గడిచింది. ఇప్పటికీ ఆ బస్సెక్కితే పుట్టింటికి వెడుతున్నట్టే ఉంటుంది నాకు.

రంప అనగానే చదువుకున్నవాళ్ళకి రెండు పితూరీలు గుర్తొస్తాయి. 1879లో ఒకటి. 1922లో అల్లూరి సీతారామరాజుగారు నడిపింది రెండోది. మొదటిదాని వెనక కల్లు మీద పన్ను బాధ ఉంది. రెండోదాని వెనక అడవి ఆంక్షలూ, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ ఉన్నాయి. ఏది చూసినా లోపలి కోపం మాత్రం ఒకటే. మా అడవి గురించి, మా కష్టం గురించి, మమ్మల్నడక్కుండా తీర్మానించడానికి మీరెవరని! ఈ సంగతి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి. దీంతో మళ్ళీ పని పడుతుంది.

పోయిన మార్చిలో మహిళా దినోత్సవానికి నాలుగు ముక్కలు చెప్పమని అక్కడ చదువుకుంటున్న ఆడపిల్లలు పిలిస్తే వెళ్ళాను. పితూరీల కథ వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. అందుకని వాళ్ళలాంటి ఆడపిల్లల కథే ఒకటి ఎంచుకున్నాను.

1974లో హైదరాబాదులో, ఉస్మానియా యూనివర్శిటీ చుట్టూ చదువుకుంటున్న అమ్మాయిలు కొందరు కలిసి 'ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్' అని ఒక సంఘం పెట్టుకున్నారు. అందరూ పొట్టిగా పి.ఓ.డబ్ల్యూ. అనేవారు. వాళ్ళలో ముందు నిలిచిన కె. లలితగారు ఆ తర్వాత సూసీ తారుగారితో కలిసి భారతీయ స్త్రీల రచనలన్నీ గాలించి రెండు పెద్ద సంపుటాలు తెచ్చారు. ఆ రోజుల్లో ఉస్మానియా కుతకుతలాడుతోంది. 1972 ఏప్రిల్‌లో జార్జిరెడ్డి అనే విద్యార్థి నాయకుణ్ణి క్యాంపస్‌లోనే పొడిచి చంపేశారు. విప్లవం గురించి మాట్లాడే మగపిల్లలకి కొదవలేదు. కాని ఈ అమ్మాయిలు ముందుగా పట్టుకున్న సమస్యల్లో ఒకటి ఏమిటో తెలుసా? క్లాసుకి వెళ్ళే దారి!

దారిలో ఈలలు, కూతలు, పైన పడడాలు. ఇంగ్లీషులో దానికి 'ఈవ్ టీజింగ్' అని పేరు. మనం 'అల్లరి పెట్టడం' అంటాం. అల్లరి అనేది చిన్నపిల్లలు చేసే పని కదండీ! పేరే అంత ముద్దుగా పెట్టుకున్నాక అది నేరంలా ఎలా కనిపిస్తుంది? ఇది తమాషా కాదు, అవమానం అని ఆ అమ్మాయిలు బాహాటంగా అన్నారు. ఆ తర్వాత గోడల మీద అసభ్యమైన పోస్టర్ల మీదికి వెళ్ళారు. కట్నాల మీదికి వెళ్ళారు. 1975లో వాళ్ళు కట్నానికి వ్యతిరేకంగా తీసిన ఊరేగింపుల్లో రెండువేలమంది దాకా నడిచారట. ఆ జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. సంఘం చెల్లాచెదరైపోయింది. ఏడాది కూడా నిండని బతుకు. అయినా తర్వాత 1978లో హైదరాబాదులోనే స్త్రీ శక్తి సంఘటన పుట్టిందంటే ఆ నిప్పు ఆరలేదన్నమాట.

ఈ కథ చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, టీ తాగి గేటు దాకా వచ్చాను. వెనకనించి ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"మేడంగారూ, ఒక్క మాటండి."

"చెప్పు తల్లీ."

అటూ ఇటూ చూసింది. "ఎవరికైనా... కడుపొచ్చి, వద్దనుకుంటే... ఆస్పత్రిలో సంతకం ఎవరు పెట్టాలండి? మొగుడు లేనోళ్ళయితే?"

ఎవరి సంగతని నేనడగలేదు. అలా అడిగినవాళ్ళని ఒకసారి చూశాను. అది చాలు ఈ జన్మకి.

నేను బి.ఏ. రెండో ఏడు చదివేటప్పటి మాట. పల్లపు ప్రాంతంలో ఒక ఊరు, ఒక హాస్టలు. పేర్లెందుకు లెండి. నా గదిలో ఉండే పిల్లకి అలాంటి ఆపదే వచ్చింది. పెళ్ళి చేసుకుంటానన్నవాడు ఊళ్ళోంచే మాయమయ్యాడు. ఇద్దరం ధైర్యం కూడగట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాం. బల్ల వెనక కూర్చున్న మనిషి వరసలో నిలబడ్డ పదిమందికీ వినబడేలా, "ఎవరిదీ? మీ ఆయన్ని తీసుకురా. ఆయన సంతకం లేందే కుదరదు" అన్నాడు. వరసంతా మావైపు తిరిగి చూసింది. మేం తల వంచుకుని వచ్చేశాం. తర్వాత ఆ పిల్ల ఎవరో చెబితే ఒక సందులో ఒకావిడ దగ్గరికి వెళ్ళింది. ఆ రాత్రి మొదలైన జ్వరం తొమ్మిది రోజులు దిగలేదు. వార్డెను అడిగితే టైఫాయిడ్ అని అబద్ధం చెప్పాను. ఆ పిల్ల బతికింది. అంతవరకూ అదృష్టమే. చదువు మాత్రం అక్కడితో సరి.

చాలా ఏళ్ళకి ఒక నవల కోసం ఆ చట్టం తెప్పించుకుని చదివాను. చదివి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. పద్ధెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సంతకం తప్ప ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు! మొగుడిదీ అక్కర్లేదు, తండ్రిదీ అక్కర్లేదు. నిన్న మొన్న మారిందేమో అనుకుంటారేమో. కాదు, 1971 నించీ అంతే. ఆ రోజు ఆ బల్ల వెనక మనిషి అడిగింది చట్టంలో లేని సంతకం. మాకు తెలీదు. అతనికీ తెలీదు కాబోలు.

అంత పెద్ద హక్కు, అది ఎవరికోసం పుట్టిందో వాళ్ళకే ఎందుకు తెలీలేదు? ఈ ప్రశ్న నన్ను చరిత్రలోకి లాక్కెళ్ళింది.

1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం తల్లి ప్రాణం నిలపడానికి తప్ప గర్భస్రావం నేరం. చేసినవాళ్ళకే కాదు, చేయించుకున్న ఆడదానికీ జైలే. 1964లో ప్రభుత్వం శాంతిలాల్ షాగారి అధ్యక్షతన ఒక సంఘం వేసింది. ఆ సంఘం 1966లో చట్టం సడలించమంది. 1969లో బిల్లు రాజ్యసభకి వచ్చింది. అప్పుడు కుటుంబ నియంత్రణ శాఖ చూస్తున్న మంత్రి శ్రీపతి చంద్రశేఖర్‌గారు. ఆయన పుట్టిందెక్కడో తెలుసా? మన రాజమండ్రిలో! నేను రంపచోడవరం బస్సెక్కే ఊళ్ళోనే. ఆయన జనాభా లెక్కలు క్షుణ్ణంగా చదివిన పండితుడు. ఆస్పత్రి గోడల మీద ఎర్ర త్రికోణం చూసిన అమ్మమ్మలందరికీ ఆ కాలం గుర్తుంటుంది. 1971లో చట్టం పాసయింది. 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

దొంగచాటు పనుల వల్ల చచ్చిపోతున్న తల్లుల్ని కాపాడాలన్న ఉద్దేశం అందులో నిజంగానే ఉంది. దాని పక్కనే జనాభా పెరుగుతోందన్న బెంగా ఉంది. లేనిదల్లా ఒకటే, ఆడవాళ్ళ గొంతు. డాక్టర్లూ, మంత్రులూ, మెంబర్లూ కూర్చుని మాట్లాడుకుని, మంచి మనసుతోనే ఇచ్చారు. పి.ఓ.డబ్ల్యూ. అమ్మాయిలు 1974లో వీధిలోకొచ్చేనాటికి ఈ హక్కు అప్పటికే కాగితం మీద ఉంది. అంచేత దానికోసం ఎవరూ ఊరేగింపు తియ్యలేదు. ఊరేగింపు లేదు గనక ఊరికి తెలీలేదు.

మిగతా దేశాల్లో అలా కాదు. సరిగ్గా ఆ 1971 ఏప్రిల్‌లోనే ఫ్రాన్సులో 343 మంది స్త్రీలు, సిమోన్ ద బోవా వంటి రచయిత్రులతో సహా, "మేం గర్భస్రావం చేయించుకున్నాం" అని పత్రికలో సంతకాలు పెట్టి ప్రకటించారు. అది అక్కడ నేరం. పట్టుకుంటే పట్టుకోండి అని సవాలు! 1975కల్లా వాళ్ళ చట్టం మారింది. అమెరికాలో అంతకుముందే, 1965లో, షికాగో యూనివర్శిటీలో చదువుతున్న హెదర్ బూత్ అనే అమ్మాయి స్నేహితుడి చెల్లెలికి ఆపద వస్తే ఒక డాక్టర్ని వెతికిపెట్టింది. ఆ నోటా ఈ నోటా విని ఇంకొందరొచ్చారు. చివరికి అది 'జేన్' అనే పేరుతో రహస్య సహాయసంఘమే అయింది. ఐర్లండులో 1989లో డబ్లిన్ విద్యార్థి సంఘాలవాళ్ళు ఇంగ్లండు ఆస్పత్రుల చిరునామాలు తమ కరపుస్తకాల్లో వేస్తే కోర్టుకి లాగారు. వాళ్ళ తరఫున వాదించిన మేరీ రాబిన్‌సన్ మరుసటి ఏడే ఆ దేశానికి అధ్యక్షురాలైంది.

అదే ఐర్లండులో 2012 అక్టోబరులో సవిత అనే మనమ్మాయి, కర్ణాటకలోని బెళగావి నించి వెళ్ళిన పళ్ళ డాక్టరు, గర్భం నిలవదని తెలిశాక కూడా, బిడ్డ గుండె కొట్టుకుంటోందని వైద్యం ఆపేస్తే, రక్తం విషమెక్కి చనిపోయింది. ఆ ఫోటో చేతపట్టుకుని జనం వీధుల్లోకొచ్చారు. 2018లో ఓట్లేసి రాజ్యాంగమే మార్చుకున్నారు. పోరాడి తెచ్చుకుంటే శాశ్వతమా అంటే అదీ కాదు. అమెరికాలో 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కుని 2022లో అదే కోర్టు తీసేసింది. ఒకటి మాత్రం నిజం. అడిగి తెచ్చుకున్నవాళ్ళకి పోయినప్పుడు పోయిందని తెలుస్తుంది. మనకి ఉన్నప్పుడే ఉందని తెలీలేదు.

మన ఆడవాళ్ళు అసలు అడగలేదా? అడిగారు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1985లో గర్భం రాకుండా నెట్-ఎన్ అనే ఇంజక్షను ప్రయోగించి చూడబోయారు. వచ్చిన పేద స్త్రీలకి అది ప్రయోగమని సరిగా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటనవాళ్ళు నిలదీసి, 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. వాళ్ళడిగింది పిల్లలు కావాలనీ కాదు, వద్దనీ కాదు. "చెప్పకుండా మా ఒంట్లోకి ఏం ఎక్కిస్తున్నారు?" అని.

మన కొండల పక్కనే ఇంకొకటి జరిగింది. రంపచోడవరం నించి మారేడుమిల్లి ఘాటు దిగి చింతూరు మీదుగా వెడితే భద్రాచలం. 2009లో ఆ ప్రాంతంతో సహా ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండా టీకాలు వేశారు. అందరూ పది నించి పధ్నాలుగేళ్ళ పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలు. అమ్మానాన్నల సంతకం ఉండవలసిన కాగితాల మీద ఎన్నోచోట్ల వార్డెన్లూ, హెడ్‌మాస్టర్లూ సంతకాలు పెట్టేశారు. మహిళా సంఘాలు వెళ్ళి విచారిస్తే సంగతి బయటపడింది. 2010లో కార్యక్రమం ఆపేశారు. పార్లమెంటు స్థాయీసంఘం 2013లో గట్టిగానే మందలించింది. ఆ టీకా చెడ్డదని నేననడం లేదు. ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. మధ్యలో చనిపోయిన పిల్లల మరణాలకి అది కారణం కాదనే విచారణలో తేల్చారు. కాని మంచి మందైనా అడిగి ఇవ్వాలి కదా! రంప కొండలు వందేళ్ళ కిందట అన్న మాటే ఇది. మమ్మల్నడక్కుండా మీరెవరు?

ఇంతకీ దారి సంగతీ, ఆస్పత్రి సంగతీ ఒకే కథలో ఎందుకు కలిపావంటారేమో. నన్నడిగితే రెండూ ఒకటే. కాలేజి దారిలో ఎవడో అల్లరి పెట్టాడని చెబితే ఏం చేస్తారు? ఆడపిల్లల హాస్టలు గేటుకి సాయంత్రం ఆరింటికే తాళం వేస్తారు. కుక్క కరిస్తే కుక్కని కట్టెయ్యాలి గాని, కరిపించుకున్నవాళ్ళని కట్టేస్తారా? 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పులో పనిచేసే చోట ఫిర్యాదు సంఘాలుండాలంది. 2013లో చట్టమే వచ్చింది. 2016 నించి యూనివర్శిటీ గ్రాంట్స్ కమిషన్ నిబంధనల ప్రకారం కాలేజీల్లోనూ ఆ సంఘం ఉండాలి. విద్యార్థుల ఫిర్యాదైతే అందులో విద్యార్థులూ కూర్చోవాలి. మీ అమ్మాయి కాలేజీలో ఆ సంఘం ఎక్కడుందో ఒకసారి అడిగి చూడండి. నోరు విప్పితే తాళం పడుతుందని నేర్చుకున్న పిల్ల, ఒంటికి ఆపదొస్తే నోరెలా విప్పుతుంది? సందులో ఆవిడ దగ్గరికే వెడుతుంది.

ఇదంతా గేటు దగ్గర చెప్పలేదు లెండి. ఆ పిల్లకి కావలసింది మాత్రం చెప్పాను.

"పద్ధెనిమిది నిండితే ఆమె సంతకం చాలు. పెళ్ళయిందా అన్న ప్రశ్న ఇప్పుడు అడ్డురాదు. 2021లో సవరించారు. పెళ్ళి కానివాళ్ళకీ సమానమేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై వారాల లోపయితే కారణం విని ఒక డాక్టరు ఒప్పుకుంటే చాలు. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవైనాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్లు చూడాలి. పేరు బయటపెడితే పెట్టినవాళ్ళకే శిక్ష. పద్ధెనిమిది నిండకపోతే మాత్రం పెద్దవాళ్ళ సంతకం కావాలి, పోలీసులకీ తెలపాలి. అప్పుడు కూడా పిల్లా, ఆమె పెద్దవాళ్ళూ కోరితే పేరు చెప్పక్కర్లేదని కోర్టు అంది. ఎక్కడపడితే అక్కడ మాత్రం వద్దు. ప్రభుత్వాస్పత్రికిగానీ, అనుమతి ఉన్నచోటికిగానీ వెళ్ళాలి. ఆలస్యం చెయ్యకూడదు."

ఆ పిల్ల పెదవులు కదుపుతూ అంతా అప్పజెప్పుకుంది. నిజమే, దూరం చిన్నదేం కాదు. రంపచోడవరంలో ఆస్పత్రి ఉంది. పైన గూడేల్లోంచి నెలలు నిండినవాళ్ళనే డోలీ కట్టి మోసుకొచ్చే దారులూ ఉన్నాయి. చట్టం కొండెక్కాలంటే ఎవరో ఒకరు దాన్ని నోట్లో పెట్టుకుని ఎక్కవలసిందే.

"మర్చిపోతానేమోనండి. రాసివ్వండి" అని నోటుపుస్తకం తీసింది.

గేటు గోడకి ఆనించి అన్నీ వరసగా రాశాను. ఎవరైనా కాదంటే చూపించడానికి ఉంటుందని, అలవాటు కొద్దీ కింద నా పేరు రాసి సంతకం పెట్టబోయాను.

ఆ పిల్ల చటుక్కున పుస్తకం లాగేసుకుంది.

"మీదెందుకండి? మాది చాలన్నారు కదా!" అంది నవ్వుతూ.