చప్పట్లు కొట్టడానికి వెళ్ళిన కుర్రాడు

మా కాలనీ వేసవి క్రికెట్ క్యాంపు పిల్లల్ని ఒకరోజు సరదాగా స్టేడియానికి తీసుకెళ్ళి మ్యాచ్ చూపిద్దామన్నాను. "ఆ పూట నెట్స్‌లో ఆడితే పనికొస్తుంది కదండీ" అన్నారొక తండ్రి. వెంటనే సచిన్ కథ చెప్పారు.

అది చాలామందికి తెలిసిందే. శారదాశ్రమ్ స్కూలు సీనియర్ జట్టు వాంఖెడేలో హారిస్ షీల్డ్ ఫైనల్ ఆడుతోంది. గురువు రమాకాంత్ ఆచ్రేకర్ ఆరోజు సచిన్ కోసం వేరేచోట ప్రాక్టీస్ మ్యాచ్ ఏర్పాటు చేశారు. కుర్రాడు దాన్ని ఎగ్గొట్టి, అన్నలకి చప్పట్లు కొట్టడానికి వాంఖెడే చేరాడు. గురువుగారు అక్కడే కనబడి, ఎన్ని పరుగులు చేశావని అడిగారు. నలుగురిలో చీవాట్లు పెట్టారు. నువ్వు ఇతరులకి చప్పట్లు కొట్టడం కాదు, ఇతరులు నీకు కొట్టేలా ఆడాలన్నది ఆ చీవాట్ల సారాంశం.

ఆచ్రేకర్ కఠినుడే గానీ, ప్రేమలేని మనిషి కాదు. స్టంప్ మీద రూపాయి బిళ్ళ పెట్టి, అవుట్ కాకుండా నిలిస్తే అది నీదేననేవారు. సచిన్‌ని స్కూటర్ ఎక్కించుకుని మైదానం నుంచి మైదానానికి తిప్పేవారు. ఆయన దగ్గర బహుమతీ, షికారూ కూడా క్రికెట్టే!

అయితే ఈ కథ పక్కన ఇంకోటి పెట్టి చూడాలి. 1987 నవంబర్ 5, ప్రపంచకప్ సెమీఫైనల్, అదే వాంఖెడే. గ్రాహం గూచ్ స్వీప్ మీద స్వీప్ కొడుతూ 115 పరుగులు చేశాడు. ఇంగ్లండ్ 254 చేస్తే మనవాళ్ళు 219కే ఆలౌటయ్యారు. బౌండరీ బయట బంతులు అందిస్తున్న బాల్‌బాయ్స్‌లో పద్నాలుగేళ్ళ సచిన్ ఉన్నాడు. ఆరోజు అతను ఒక్క పరుగూ చేయలేదు. చూశాడంతే. రెండేళ్ళకి కరాచీలో తొలి టెస్ట్ ఆడాడు. 2011 ఏప్రిల్ 2న అదే మైదానంలో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ సాయంత్రం వృథా అయిందని ఎవరనగలరు?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం అతను కాదు, ఆరోజు బంతులందించిన మిగతా పిల్లలు. వాళ్ళకోసం స్టేడియాలు చప్పట్లు కొట్టలేదు. బహుశా వాళ్ళలో కొందరికి క్రికెట్ ఇచ్చిందల్లా ఆ ఒక్క సాయంత్రమే. అది తక్కువా? గెలిచినవాడి బాల్యాన్నే పాఠంగా చదువుకుంటే, ఆటని ప్రేమించి అక్కడితో ఆగిపోయినవాళ్ళు లెక్కలోకే రారు.

గురువు మాట తప్పని నేననను. అది ఒక్క పిల్లాడిని చూసి, అతని కోసం అన్నమాట. దాన్ని పిల్లలందరికీ సూత్రంగా మార్చింది మనమే. మా క్యాంపులో ముప్ఫైమంది ఉన్నారు. పెద్దయ్యాక దాదాపు అందరూ గ్యాలరీలో కూర్చునేవాళ్ళే. ఎదుటివాడి మంచి షాట్‌కి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టడం కూడా నేర్చుకోవలసిన విద్యే కదా!

ఆ తండ్రిగారు పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా వాళ్ళబ్బాయి పేరు రాయించారు. ఆదివారానికి బస్సు మాట్లాడాం.