ఉచిత పరీక్షా పని

ఉచిత పరీక్షా పని: డిజైనర్లు, చిత్రకారులు, వీడియో ఎడిటర్లు, రచయితలను ఉద్యోగంలోకి తీసుకునే ముందు వారిచేత ప్రతిఫలం లేకుండా చేయించే పని. పాత పనులు చూడటంతో సరిపెట్టక లోగో, పోస్టర్, ప్రకటన వంటివి కొత్తగా చేసి పంపమంటారు. ఉద్యోగం రాకపోయినా శ్రమ మాత్రం సంస్థ చేతికి వెళుతుంది.

శ్రమ స్వభావం: నమూనా చేయడం కూడా అసలు పనేనన్న సంగతి విగ్రహాలకు పేరొందిన తెనాలిలో సులభంగా బోధపడుతుంది. మట్టి నమూనాలోనే పోలిక, భంగిమ కుదరాలి. నమూనా అంటే పనిలో కీలక భాగం. బాపట్ల, రేపల్లెలలో కంప్యూటర్ ముందు కూర్చుని బ్యానర్ రూపొందించే డిజైనర్‌కూ అంతే: అసలు విలువ ఆలోచనను రూపుకట్టించడంలోనే ఉంది.

చట్టం: కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ప్రకారం కృతికి తొలి హక్కుదారు సాధారణంగా కర్తే. ఉద్యోగ విధుల్లో చేసిన పనికి మినహాయింపు ఉన్నా, అభ్యర్థి ఇంకా ఉద్యోగి కాడు. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీకి సంతకంతో కూడిన రాతపత్రం తప్పనిసరి. ఉచితంగా ఇచ్చే ఉద్దేశం లేకుండా చేసిన పనివల్ల లాభపడినవారు పరిహారం చెల్లించాలని కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 70 చెబుతుంది.

న్యాయమైన పద్ధతి: కల్పిత అంశంపై, కొద్ది గంటల్లో ముగిసే, పారితోషికం ఇచ్చే పరీక్ష.