చాయ్ బల్లకు చేరిన నిస్తంత్రి

హైదరాబాదులో 'హోటల్' అనే మాటకు అర్థం వేరు. అక్కడ బస చేయడానికి గదులు ఉండనక్కరలేదు. నాలుగు బల్లలు, పొయ్యిమీద మరుగుతున్న డికాక్షన్, అద్దాల బీరువాలో ఉస్మానియా బిస్కట్లు ఉంటే చాలు, అది హోటలే. అక్కడ ఒక కప్పు చాయ్‌కి డబ్బిచ్చినవాడు చాయ్ ఒక్కటే కొన్నాడనుకుంటే సరికాదు. నీడ, కుర్చీ, బల్ల, పక్కవాడు చదివి మడిచిపెట్టిన వార్తాపత్రిక ఇవన్నీ ఆ వెలలోనే చేరి ఉంటాయి. గత పాతికేళ్లలో ప్రపంచమంతటా ఈ జాబితాకు ఇంకొక వస్తువు తోడయింది. అది కంటికి కనిపించదు, చేతికి తగలదు. దానినే వైఫై అంటున్నారు.

లాప్‌టాప్ సంచి భుజాన వేసుకొని మదీనా కూడలి నుంచి పత్థర్‌గట్టి, చార్మినార్‌ల మీదుగా శాలిబండ దాకా నడిచే విద్యార్థి ఏ హోటల్‌లోనైనా "వైఫై ఉన్నదా?" అని అడిగితే, తరచు వినవచ్చే జవాబు "లేదు" అనే. అదే విద్యార్థి మూసీ దాటి బంజారాహిల్స్‌కో మాదాపూర్‌కో పోతే కాఫీ దుకాణాలలో గోడమీదనే దాని సంకేతపదం రాసి ఉంటుంది. కాని అక్కడి కాఫీ వెలకు పాతబస్తీలో పలుమార్లు చాయ్ తాగవచ్చు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? చాయ్ దుకాణాల చరిత్రను, రేడియో తరంగాల చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే గాని బోధపడదు.

హైదరాబాదుకు ఈ రకపు హోటళ్లను తెచ్చినవారు ఇరానీలు. 19వ శతాబ్దం చివరినుంచి వారు యజ్ద్ మొదలైన ప్రాంతాలు విడిచి బొంబాయికి, అక్కడినుంచి పూనా, హైదరాబాదులకు వలస వచ్చారు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935లో ఆరంభమైంది. చార్మినార్ నీడలో ఉన్నందువల్ల ఎంతో ప్రాచీనమైనదిగా యాత్రికులు భావించే నిమ్రా హోటల్ నిజానికి 1993 నాటిది. పాలరాతి పలక పరచిన బల్లలు, గోడలకు నిలువుటద్దాలు ఈ హోటళ్ల గుర్తులు. ఒక చాయ్‌ని 'వన్ బై టూ' చేసి ఇద్దరు పంచుకుని గంటసేపు మాట్లాడుకున్నా అడిగేవారు ఉండేవారు కారు. ఆబిడ్స్‌లో ఒకప్పుడుండిన ఓరియంట్ హోటల్ కవులకు, పత్రికా రచయితలకు, రాజకీయ కార్యకర్తలకు కార్యాలయం వంటిది. అది నేడు లేదు.

ఇది ఒక్క హైదరాబాదు విశేషం కాదు. 17వ శతాబ్దపు లండన్‌లో ఒక పెన్నీ పెట్టి కాఫీ కొన్నవాడికి వార్తలు, వాదాలు, ఉపన్యాసాలు ఉచితంగా దొరికేవి; అందుకే ఆ దుకాణాలను పెన్నీ విశ్వవిద్యాలయాలు అన్నారు. ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ దుకాణంలో ఓడల కబుర్లకోసం చేరిన వర్తకులే క్రమంగా లాయిడ్స్ అనే జగత్ప్రసిద్ధమైన బీమా వ్యవస్థకు మూలమయ్యారు. కప్పు వెనుక వార్త ఉంటుందన్న మాట.

ఆ వార్త తీగలేకుండా వచ్చిన మొదటి రూపం రేడియో. తంత్రి అనగా తీగ. తీగ అక్కరలేనిది కనుక నిస్తంత్రి. పూర్వం 'వైర్‌లెస్' అంటే రేడియో అనే అర్థం. హైదరాబాదు సంస్థానపు దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల ప్రసారిణితో పనిచేయసాగింది. 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. కాని ఆ కాలంలో తరంగాన్ని వినడానికి సైతం సర్కారు అనుమతి కావలసి ఉండేది. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో పెట్టె ఉంచుకొనడానికి లైసెన్సు తీసుకోవాలి, ఏటేటా తపాలా కార్యాలయంలో రుసుము కట్టాలి. ఇళ్లలోని రేడియోలకు ఈ బాధ 1980ల దాకా తప్పలేదు. నేటి విద్యార్థికి ఇది వింతగా తోచవచ్చు. తరంగానికి యజమాని ఎవరు అనే ప్రశ్న మాత్రం అప్పుడు పుట్టినదే, ఇంకా తీరలేదు.

కాఫీకి, ఇంటర్నెట్‌కు ముడి పడిన కథ కొంత సరదాగా ఉంటుంది. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటర్ ప్రయోగశాలలో కాఫీపాత్ర ఒక గదిలో, పనిచేసేవారు ఎక్కడెక్కడో. ఇంతదూరం నడిచి వస్తే పాత్ర ఖాళీ! అందుచేత వారు పాత్రకు ఎదురుగా ఒక కెమెరా నిలిపి, దాని చిత్రం తమ కంప్యూటర్లలో కనబడేటట్లు చేశారు. 1993లో ఆ చిత్రం ప్రపంచమంతటికీ అందుబాటులోకి వచ్చింది. 2001 వరకు కొనసాగింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వగా, మరుసటి ఏడే బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే తొలి దుకాణం తెరిచింది. అది కాఫీతోపాటు ఇంటర్నెట్‌ను గంటలెక్కన అమ్మిన దుకాణం. ఆ తరువాతి సంవత్సరాలలో సైబర్ కేఫ్‌లు నగరపు గల్లీలలోకి కూడా వచ్చాయి. పరీక్షా ఫలితాలు, ఉద్యోగాల దరఖాస్తులు, గల్ఫ్‌లో ఉన్న బంధువులతో మాటలు అన్నీ అక్కడే. 2011 నాటి నియమాలు వచ్చినవారి గుర్తింపు చూడాలనీ, ఏడాదిపాటు వివరాలు భద్రపరచాలనీ, అరల మధ్య అడ్డులు నాలుగున్నర అడుగులు మించరాదనీ నిర్దేశించాయి.

అప్పటికి వైఫై రంగంలోకి వచ్చి ఉన్నది. దానికి దారితీసిన నిర్ణయం 1985లో అమెరికాలో జరిగింది. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలను పరిశ్రమలకు, వైద్యానికి, ప్రయోగశాలలకు 1947లోనే కేటాయించారు. ఆహారం వేడిచేసే మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది ఇక్కడే. వార్తాప్రసారానికి పనికిరాదని వదలిన ఈ 'పోరంబోకు' భూమిలో, తక్కువ శక్తితో పనిచేసే పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకొనవచ్చునని అమెరికా ప్రభుత్వ సంఘం అనుమతించింది. 1997లో 802.11 అనే ప్రమాణం ఏర్పడింది. 1999లో వైఫై అనే వ్యాపారనామం పుట్టింది. భారతదేశంలో ఈ పట్టీని లైసెన్సునుంచి విముక్తం చేసినది 2005 జనవరిలో. రేడియో పెట్టెకు లైసెన్సు అడిగిన దేశంలో, తరంగాలను స్వయంగా ప్రసారంచేసే రూటర్‌ను ఏ చాయ్ దుకాణమైనా అనుమతి లేకుండా పెట్టుకొనే వీలు కలిగింది. ఇది చిన్న మార్పు కాదు.

ఇక హోటల్ లోపలికి పోయి చూద్దాం. 2.4 గిగాహెర్ట్జ్ అనగా సెకనుకు 240 కోట్ల కంపనాలు. కాంతి వేగమైన సెకనుకు 30 కోట్ల మీటర్లను దీనితో భాగిస్తే తరంగదైర్ఘ్యం 0.125 మీటరు, అనగా పన్నెండున్నర సెంటీమీటర్లు వస్తుంది. దాదాపు చాయ్ సాసర్ వెడల్పు. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగోవంతుకు దిగుతుంది. పాతబస్తీలో ఖాళీ ప్రదేశం ఎక్కడిది? పత్థర్‌గట్టి, పేరుకు తగినట్లు, రాతి కట్టడం. మందమైన రాతిగోడ, డంగుసున్నపు గోడ తరంగశక్తిలో పెద్దభాగాన్ని మింగివేస్తాయి. ఇనుప షట్టరు దానిని వెనక్కి కొడుతుంది. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరు. నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. రంజాన్ రాత్రి హలీం కోసం కిక్కిరిసిన హోటల్‌లో ప్రతి మనిషీ ఒక నీటిగోడ వంటివాడే.

నిలువుటద్దాల సంగతి ఇంకా చిత్రమైనది. అద్దం వెనుక ఉన్న లోహపుపూత కాంతినే కాదు, రేడియో తరంగాన్నీ ప్రతిఫలింపజేస్తుంది. గోల్కొండ కోట ప్రవేశద్వారం కింద చప్పట్లు కొడితే కొండమీది బాలా హిస్సార్‌లో వినిపించడం చాలామంది చూచి ఉంటారు. అక్కడ ప్రతిఫలనం మేలు చేసింది. వైఫైకి అదే చేటు. రూటర్ నుంచి తిన్నగా వచ్చిన తరంగమూ, అద్దం తాకి వచ్చినదీ, ఎదుటి గోడను తాకి వచ్చినదీ కొద్ది తేడాతో లాప్‌టాప్‌ను చేరి ఒకదానినొకటి చెరుపుకుంటాయి. ప్రతిధ్వనించే పెద్ద హాలులో వేగంగా చదివేవాని మాటలు కలిసిపోయినట్లే.

ఈ చిక్కును విడదీసినవారిలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ముఖ్యులు. జాన్ ఓ సల్లివన్ అనే రేడియో ఖగోళ శాస్త్రజ్ఞుడు మొదట వెతికినది వైఫైని కాదు. పేలిపోయే చిన్న కృష్ణబిలాలనుంచి రావచ్చునని ఊహించిన రేడియో స్పందనలను. అవి దొరకలేదు. చెదరిన సంకేతాలను గణితంతో సరిదిద్దే నేర్పు మాత్రం మిగిలింది. ఆయన బృందం 1990లలో దానిని గదులలోని నిస్తంత్రీ సంచారానికి వర్తింపజేసింది. పద్ధతి ఇది: ఒకడు వేగంగా చదివే బదులు, పలువురు ఒక్కొక్క స్థాయి స్వరంలో నెమ్మదిగా చదివితే ప్రతిధ్వని వారి మాటలను అంతగా చెరపలేదు. 1999, 2003 ప్రమాణాలలో ఒక్కొక్క వాహికను 52 చిన్న ఉపవాహికలుగా చీల్చి సమాచారాన్ని పంచి పంపారు. అద్దాల హోటల్‌లో వైఫై పనిచేస్తున్నదంటే ఆ గణితం చలవే.

మరొక ఇబ్బంది ఇరుకు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒకదానిపై ఒకటి పడకుండా అందులో ఇమిడే వాహికలు మూడే: 1, 6, 11. గోడకు గోడ ఆనుకొని ఉన్న ముప్పై దుకాణాలలో ముప్పై రూటర్లు ఉంటే అవన్నీ ఈ మూడింటినే పంచుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు ఆగాలి. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చోటు ఎక్కువ. 2018లో మన ప్రభుత్వం అందులో మరింత భాగాన్ని లైసెన్సునుంచి విడిచింది. కాని దాని తరంగం ఇంకా పొట్టిది, ఆరు సెంటీమీటర్లకు లోపు; రాతిగోడ దాటడం దానికి మరీ కష్టం. కనుక హోటల్‌లో పనిచేయదలచినవారు రూటర్ కంటికి కనిపించే బల్లను ఎన్నుకోవడం మంచిది. చాలా దుకాణాలలో రూటర్ గల్లాపెట్టె కింద, ఇనుప సామాను నడుమ ఉంటుంది. అక్కడ అది ఉన్నా లేనట్లే.

వైఫై ఉన్నచోటకూడా మొదట ఫోన్ నంబరు అడుగుతుంది, ఆ ఫోనుకు వచ్చిన అంకెలు అడుగుతుంది. దీనికి కారణం 2008. ఆ సంవత్సరం బాంబు పేలుళ్ల సందర్భంగా కాపలాలేని వైఫైలనుంచి బెదిరింపు లేఖలు పంపబడ్డాయి. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ, వాడేవారిని గుర్తించకుండా వైఫై ఇవ్వరాదని ఆదేశించింది. రూటర్‌కు లైసెన్సు పోయింది. వాడేవాడికి చిట్టా వచ్చింది.

ఇప్పుడు హోటల్ యజమాని లెక్క చూడాలి. నాలుగు కుర్చీల బల్ల వద్ద ఒక్కొక్కరు పది నిమిషాలు కూర్చుంటారనుకొందాం. రెండు గంటలలో అక్కడ 48 కప్పులు అమ్ముడుపోతాయి. ఒక కుర్చీలో లాప్‌టాప్‌తో విద్యార్థి రెండు గంటలు కూర్చొని రెండు కప్పులు తాగితే, ఆ కుర్చీకి రావలసిన పన్నెండింటిలో పది పోయినట్లే. బంజారాహిల్స్ దుకాణం ఆ నష్టాన్ని కాఫీ వెలలో ముందే కలుపుకున్నది. చార్మినార్ పక్కన నిలబడి తాగిపోయే జనంతో నడిచే హోటల్ అట్లా కలుపలేదు. పైగా 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత ఫోన్‌లోనే డేటా చవకై, వైఫై పెట్టవలసిన ఒత్తిడి కూడా తగ్గింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 'హై-ఫై' పేరిట నగరంలోని బహిరంగ స్థలాలలో ఉచిత వైఫైకి పూనుకున్నది.

ఫోన్ డేటా చాలునన్న నమ్మకం ఎంత పలచనిదో 2020లో తెలిసింది. బడులు మూతపడినవి. సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలో పాఠాలు దూరదర్శన్, టీ-శాట్‌లలో ప్రసారమైనాయి. ఒకే గది ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకే ఫోన్ ఉన్నచోట, అది తండ్రితో పనికి పోయినచోట, పాఠం ఏ తరంగంమీద వచ్చినా చేతికందదు.

ఆ ఏడాది డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం 'పీఎం-వాణి' పథకాన్ని ఆమోదించింది. దాని ప్రకారం కిరాణా కొట్టుగాని చాయ్ హోటల్‌గాని లైసెన్సు, నమోదు, రుసుము లేకుండా వైఫైని చిల్లరగా అమ్మవచ్చు. గుర్తింపు బాధ్యత యాప్‌లు, మధ్య సంస్థలు చూసుకుంటాయి. 2017లో ట్రాయ్ దీని నమూనాను ప్రయోగించినప్పుడు 2 రూపాయల నుంచి 20 రూపాయల దాకా పొట్లాలుగా అమ్మడం ఉద్దేశం. అయితే ఈ చిన్న దుకాణాలకు టెలికాం సంస్థలు ఇచ్చే కనెక్షన్లు ఖరీదుగా ఉండి పథకం మందగించింది. 2025 జూన్‌లో ట్రాయ్, 200 మెగాబిట్ల లోపు కనెక్షన్‌కు ఇంటివారి ధరకు రెట్టింపు మించి తీసుకొనరాదని కట్టడి చేసింది.

ఇందులో పాతబస్తీకి ప్రత్యేకంగా పనికివచ్చే అంశం ఒకటున్నది. తరంగాన్ని కుర్చీనుంచి విడదీసి అమ్మవచ్చు. రూటర్‌ను గల్లాపెట్టె కిందనుంచి తీసి గుమ్మం పైకెక్కిస్తే, పత్థర్‌గట్టి కమానుల కింద గట్టుమీద కూర్చున్న విద్యార్థికి కూడా అది అందుతుంది. లోపలి కుర్చీలో చాయ్ తాగేవాడు పది నిమిషాలకు లేస్తూనే ఉంటాడు. గంటలకొద్దీ కుర్చీయే కావలసినవారికి 1891లో ఆసఫియా పేరుతో స్థాపితమైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మూసీ అవతల అఫ్జల్‌గంజ్‌లో ఉన్నది. అక్కడ కూర్చోవడానికి చాయ్ కొననక్కరలేదు.