పెద్దలు పలక పట్టిన చరిత్ర

“ఈ వయసులో చదువేంది?” మన క్యాంపుల్లో తరచూ వినబడే మాట ఇది. ఇంగ్లీషు అగ్రిమెంటు చేతికొస్తే చదివిపెట్టమని ఇంకొకరిని అడుగుతాం. వాళ్లు చెప్పింది నమ్మి సంతకం పెడతాం. జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు, ఓవర్‌టైం ఉందా, సెలవు ఎప్పుడు? ఇవన్నీ ఆ కాగితంలోనే ఉంటాయి. అందుకే పెద్దయ్యాక చదువు పట్టినవాళ్ల చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

ముందుగా సి.పి. బ్రౌన్ సంగతి. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అనగానే ఆయన పేరే గుర్తొస్తుంది. కానీ ఆయనకు తెలుగు చిన్ననాటి నుంచి వచ్చింది కాదు. 1817లో మద్రాసుకు వచ్చాక, ఉద్యోగం కోసం నేర్చుకున్నాడు. 1820లో కడపకు చేరి, అక్కడి జనంతో మాట్లాడుతూ, పండితులను జీతానికి పెట్టుకొని పట్టు సాధించాడు. 1850ల్లో ఆయన నిఘంటువులు అచ్చయ్యాయి. పరాయి గడ్డ మీద పని కోసం పరాయి భాష నేర్చిన మనిషి పుస్తకాలవి. అయితే ఆయన దొర. పండితులను పెట్టుకునే స్తోమత ఆయనకుంది, కూలి మనిషికి లేదు.

ఆ లోటును కొంత తీర్చింది గ్రంథాలయోద్యమం. పాలన ఉర్దూలో సాగే నిజాం రాజ్యంలో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. మనిషి పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే మనిషి దగ్గరకు పోవాలన్నది వాళ్ల ఆలోచన. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చే మనకు ఆ ఆలోచన విలువ బాగా తెలుసు.

ఇక నెల్లూరు జిల్లా కథ. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లకు ఇచ్చిన వాచకంలో అ, ఆలతో పాటు సారా వల్ల చితికిపోయిన ఇళ్ల కథలూ ఉన్నాయి. దూబగుంటలో ఆడవాళ్లు కూడి సారా దుకాణం మూయించిన సంగతి కూడా పాఠమైంది. అది చదివిన ఊళ్లు మనమెందుకు చేయలేమని లేచాయి. 1992లో ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలైంది. అక్షరం నేర్చుకుంటూనే వాళ్లు సర్కారును కదిలించారు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. పెద్దవాళ్లకు చదువు అంటాలంటే పాఠంలో వాళ్ల బతుకు ఉండాలి. పిల్లల వాచకంలోని పిల్లి, కుక్క బొమ్మలు పెద్దవాళ్లను ఎంతోకాలం కూర్చోబెట్టలేవు. బస్టాండుల్లో దొరికే “ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు” పుస్తకాలు, రాపిడెక్స్ కోర్సు మనలో చాలామందికి పనికొచ్చాయి. పక్కనే తెలుగు ఉండడం వాటి బలం. మన అగ్రిమెంటు, మన సైటు మాత్రం వాటిలో దొరకవు.

కాబట్టి మన వాచకం మన కాగితాలతోనే మొదలుపెడదాం. శాలరీ స్లిప్పు, మందు సీసా మీది చీటీ, సైటు మీది హెచ్చరిక బోర్డు, అగ్రిమెంటు నకలు. రోజుకు ఐదు మాటలు, పక్కన తెలుగులో అర్థం. చదవడం వచ్చినవాళ్లు శుక్రవారం ఒక గంట రానివాళ్ల పక్కన కూర్చుంటే చాలు. ఊరికి పోయి వచ్చేవాళ్లు సంచిలో ఒక చిన్న నిఘంటువు, ఒక తెలుగు వాచకం పెట్టుకొస్తే రూములో ఒక అర నిండుతుంది. వచ్చేసారి అగ్రిమెంటు చేతికొచ్చినప్పుడు, సంతకానికి ముందు జీతం లైను మనమే చదువుకోవాలి.