గడ్డి కోసిన ప్రతిసారీ లాన్‌లో స్ప్రింక్లర్ విరుగుతోందా? కారణాలేంటి, ఎలా కాపాడుకోవాలి, ఎవరికి చెప్పాలి?

పొద్దున్నే కాలనీ పార్కుకు వాకింగ్‌కు వెళ్తారు. లాన్ మధ్యలో నీళ్లు ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంటాయి. ఆ చుట్టూ బురద. పది అడుగుల అవతల గడ్డి మాత్రం ఎండి పసుపు రంగులోకి తిరిగి ఉంటుంది. పైపు పగిలిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు పగిలేది పైపు కాదు, దాని చివర ఉండే స్ప్రింక్లర్ హెడ్. నిన్న గడ్డి కోసిన మిషనే దాన్ని కొట్టేసి ఉంటుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామ సమీకృత కలెక్టరేట్ 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్‌ది 2023 జనవరి 12న ప్రారంభమయ్యాయి. కొత్త ఆఫీసులు, కొత్త వెంచర్లు, పార్కులు వస్తే వాటితో పాటు లాన్లూ వస్తాయి. వాటిని తడిపే స్ప్రింక్లర్ల సంగతి మాత్రం విరిగిన రోజే గుర్తొస్తుంది.

ఒక్క హెడ్ విరిగితే ఎన్ని నీళ్లు పోతాయి?

మీరే కొలవచ్చు. విరిగిన చోట పడే నీళ్లను 20 లీటర్ల బకెట్‌లోకి పట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోన్‌లో చూడండి. ఉదాహరణకు 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు పోతున్నట్టు. రోజుకు 20 నిమిషాలు మోటార్ వేస్తే 600 లీటర్లు. మిషన్ భగీరథలో మున్సిపాలిటీలకు పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. అంటే నలుగురి ఒక రోజు నీళ్లు ఒక్క విరిగిన హెడ్ దగ్గర బురదగా మారుతున్నాయన్నమాట. పార్కుది బోరు నీళ్లే కావచ్చు. అయినా ఏప్రిల్, మే నెలల్లో అదే భూగర్భ జలం మీద పక్క ఇళ్ల బోర్లు కూడా ఆధారపడి ఉంటాయి.

ఇంకో నష్టం వెంటనే కనపడదు. ఒక హెడ్ తెరుచుకుపోతే అదే లైన్‌లోని మిగతా వాటికి ప్రెషర్ తగ్గుతుంది. అవి సగం దూరమే చల్లుతాయి. గడ్డి ఎండుతోందని మోటార్‌ను ఇంకో అరగంట ఎక్కువ నడుపుతారు. నీళ్లతో పాటు కరెంటు బిల్లూ పెరుగుతుంది.

అసలు ఎందుకు విరుగుతుంది?

లాన్లలో వాడేవి ఎక్కువగా పాప్ అప్ రకం. డొక్క మొత్తం నేలలో పాతి ఉంటుంది. నీళ్లు వదిలితే లోపలి గొట్టం పైకి లేస్తుంది, ఆపితే స్ప్రింగ్ దాన్ని కిందికి లాగుతుంది. మూత గడ్డి మొదళ్ల మట్టానికి ఉన్నంత కాలం మిషన్ దాని మీదుగా వెళ్లినా ఏమీ కాదు. ఆ మట్టం తప్పినప్పుడే దెబ్బ తగులుతుంది.

మట్టం తప్పించే వాటిలో మొదటిది మన నేలే. ఎర్ర చెలక నేలల్లో వానకు హెడ్ చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయి, మూత అంగుళం బయటికి తేలుతుంది. నల్లరేగడిలో కథ వేరు. ఎండకు నేల పగుళ్లిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు హెడ్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన హెడ్‌కు ఒక అంచు ఎప్పుడూ పైకే ఉంటుంది, బ్లేడు తగిలేది ఆ అంచుకే. అందుకే జూన్‌లో సరిగ్గా బిగించిన హెడ్ అక్టోబర్‌కల్లా తప్పు ఎత్తులో ఉన్నా బిగించినవాళ్ల పొరపాటే అనుకోనక్కర్లేదు.

రెండోది బోరు నీళ్లలో వచ్చే ఇసుక. గొట్టానికీ మూతకూ మధ్య ఒక రబ్బరు సీల్ ఉంటుంది. అందులో ఇసుక ఇరుక్కుంటే నీళ్లు ఆపినా గొట్టం కిందికి దిగదు. నీళ్లలోని ఉప్పు తెల్లగా పేరుకున్నా ఇదే పరిస్థితి. అలా నిలబడిపోయిన గొట్టం గడ్డిలో కనపడదు. మిషన్ వచ్చి తెగ్గొట్టేస్తుంది.

మన దగ్గర కోత ఎక్కువగా జరిగేది చక్రాల మోవర్‌తో కాదు, భుజానికి తగిలించుకునే పెట్రోల్ బ్రష్ కట్టర్‌తో. విదేశీ వీడియోల్లో చెప్పే సలహాలు సగం మనకు అతకనిది ఇందుకే. మోవర్‌కు ఎత్తు సెట్టింగ్ ఉంటుంది. బ్రష్ కట్టర్ ఎత్తు మాత్రం పట్టుకున్న మనిషి చేతిలో ఉంటుంది. నైలాన్ దారం తగిలితే మూత, సీల్ చెక్కుకుపోతాయి. ఇనుప బ్లేడు తగిలితే హెడ్ ముక్కలై ఎగురుతుంది. నీళ్ల నష్టం కన్నా ఇది పెద్ద ప్రమాదం. ఆ ముక్క కంటికి తగలొచ్చు. కోత జరిగేటప్పుడు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండండి, పిల్లల్ని అసలు రానివ్వకండి. కోసే వ్యక్తికి కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి. చెప్పులతో కోయిస్తున్న అసోసియేషన్లు ఈ ఒక్క ఖర్చు మిగుల్చుకోకపోతే మంచిది.

కోతకు ముందు ఏం చేయాలి?

ముందు రోజు సాయంత్రం రెండు నిమిషాలు నీళ్లు వదలండి. ఏ హెడ్ ఎక్కడ లేస్తుందో చూసి ఒక్కో దాని పక్కన చిన్న జెండా గుచ్చండి. చీపురు పుల్లకు రంగు గుడ్డ కట్టినా చాలు. నీళ్లు ఆపాక అన్నీ కిందికి దిగాయో లేదో ఒకసారి తిరిగి చూడండి. దిగని వాటిని చేత్తో నొక్కకండి. గొట్టాన్ని పైకి లాగి పట్టుకుని శుభ్రమైన నీళ్లతో సీల్ కడిగి వదిలితే చాలావరకు అదే దిగిపోతుంది. నూనె, గ్రీజు మాత్రం పూయొద్దు. వాటికి మట్టి ఇంకా ఎక్కువ అంటుకుంటుంది, రబ్బరూ పాడవుతుంది.

కోసే రోజు పొద్దున నీళ్లు పెట్టొద్దు. తడి నేలలో మిషన్ చక్రం దిగబడి హెడ్‌ను తొక్కేస్తుంది. కరెంటు మోవర్ అయితే తడి గడ్డిలో షాక్ ప్రమాదం కూడా ఉంటుంది. టైమర్ ఉన్న చోట దాన్ని ఆఫ్ చేయడం మర్చిపోతుంటారు. కోత మధ్యలో హెడ్లన్నీ ఒక్కసారిగా లేస్తే ఎంత జాగ్రత్తపరుడైనా ఏం చేయగలడు?

హెడ్ చుట్టూ జానెడు మేర మిషన్ పెట్టకుండా కత్తెరతో కోయించండి. కాస్త విసుగు పనే కానీ అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇదే. చాలామంది సిమెంట్ రింగులు వేయిస్తారు, మంచిదే. అయితే రింగు నేల మట్టానికే ఉండాలి. పైకి తేలితే బ్లేడు రింగుకే తగిలి రాయిలా ఎగరగొడుతుంది. గడ్డిని మరీ నేలకు అంటేలా కోయించకండి. ఒక్కసారికి ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి తీయకపోతే గడ్డికీ మంచిది, హెడ్‌కూ మంచిది.

హెడ్లు ఎక్కడెక్కడున్నాయో ఒక ఫొటో తీసి, దాని మీదే ఫోన్‌లో గుర్తులు పెట్టి కోసేవాళ్లకు వాట్సాప్ చేయండి. కాంట్రాక్టర్ మారినా, మనిషి మారినా ఆ ఫొటో పనికొస్తుంది.

విరిగిపోతే మార్చడం కష్టమా?

సొంత ఇంటి లాన్ అయినా, సింగరేణి క్వార్టర్ ముందున్న చిన్న జాగా అయినా మీరే మార్చుకోవచ్చు. వాల్వ్ కట్టేసి, హెడ్ చుట్టూ అడుగు వెడల్పున గడ్డిని వేర్లతో సహా పలకలా లేపి పక్కన పెట్టండి. మట్టి తీసి పాత హెడ్‌ను ఎడమ వైపుకు తిప్పితే ఊడుతుంది. పైపు మూతిలో మట్టి పడకుండా వెంటనే గుడ్డ పెట్టండి. షాపుకు పాత హెడ్‌నే పట్టుకెళ్లండి. మర సైజు, పొడవు రెండూ సరిపోవాలి. సాధారణంగా చిన్న స్ప్రే హెడ్‌కు అర అంగుళం, తిరిగే రకానికి ముప్పావు అంగుళం మర ఉంటుంది.

కొత్తది బిగించాక నాజిల్ పెట్టకముందే ఒక నిమిషం నీళ్లు వదిలి లోపలి మట్టి కడగండి. ఈ పని మానేస్తే కొత్త నాజిల్ మొదటి రోజే మూసుకుపోతుంది. ఆపై మూత నేల మట్టానికి నిటారుగా ఉండేలా చూసి, మట్టిని కొద్దికొద్దిగా వేస్తూ కాలితో గట్టిగా అదమండి.

ఒకే చోట మళ్లీ మళ్లీ విరుగుతుంటే హెడ్‌ను పైపుకు నేరుగా బిగించారేమో చూడండి. మధ్యలో వంగే పైపు ముక్క వేయిస్తే, దెబ్బ తగిలినప్పుడు హెడ్ పక్కకు జరుగుతుంది గానీ కింది లైన్ పగలదు. లైన్ పగిలితే ఖర్చు వేరే లెక్క.

పార్కులో విరిగితే ఎవరిది బాధ్యత?

ముందు ఆ స్థలం ఎవరిదో తేల్చుకోండి. అనుమతి ఉన్న లేఅవుట్లలో 10 శాతం ఖాళీ స్థలం వదిలి గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకి ఇవ్వాలి. అలా ఇచ్చిన స్థలంలోని పార్కు మున్సిపాలిటీదే. ఇంకా ఇవ్వకపోతే వెంచర్ యజమానినే అడగాలి. అపార్ట్‌మెంట్ లాన్ అసోసియేషన్ చూసుకోవాలి. కలెక్టరేట్ ఆవరణ అయితే అక్కడి కార్యాలయ పరిపాలన విభాగానికి చెప్పాలి.

మున్సిపల్ పార్కు అయితే వార్డు ఆఫీసర్‌కు, లేదా నేరుగా కమిషనర్ పేరిట మున్సిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. 'నీళ్లు వృథా అవుతున్నాయి' అని మాత్రమే రాస్తే ఫలితం తక్కువ. పార్కు పేరు, ఏ గేటు వైపు ఎన్నో హెడ్, ఏ తేదీన ఏ సమయంలో చూశారు, మీ బకెట్ లెక్క, ఒక ఫొటో జత చేయండి. పనిలేదని పక్కన పెడితే సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌లో ఇవ్వొచ్చు.

డబ్బుల్లేవని జవాబు వస్తే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌గా పచ్చదనానికి కేటాయించాలి. మీ పార్కు నిర్వహణ ఏ ఏజెన్సీకి ఇచ్చారు, కోసేటప్పుడు విరిగిన సామగ్రి ఎవరు భరించాలని ఒప్పందంలో ఉంది, ఈ ఏడాది ఎన్ని హెడ్లు మార్చారు అనే మూడు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఉచితం. 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండో ప్రశ్న తప్పకుండా పెట్టండి. ఒప్పందంలో ఆ మాటే లేకపోతే వచ్చే టెండర్‌లో చేర్చమని అడగడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.